మూడు ఛార్జీలయ్యాక పాడుదువుగాని

మా ఇంట్లో కొత్తగా ఏది వచ్చినా మొదటిది దేవుడిది. పెరట్లో గుమ్మడి కాసినా, పెట్ట గుడ్డు పెట్టినా, మొదటిది ఆదివారం చర్చికి వెళ్ళాల్సిందే. డిగ్రీలో నాకొచ్చిన మొదటి స్కాలర్‌షిప్పూ కానుకల సంచిలోనే పడింది. ‘ప్రథమ ఫలం’ అనే మాట అమ్మ నోట ‘ఆమెన్’ అంత తరచుగా వినిపించేది. అందుకే 2012లో నాకు కొత్త ల్యాప్‌టాప్ వచ్చినప్పుడు అమ్మ అడిగినదాంట్లో వింతేమీ లేదు.

“దీన్లో పాటలు దాసుకోవచ్చంట గదే. తొల్త నా పాట ఎక్కించు గుంటా. అది దేవుడిది. ఆ తరవాత నీ సదువు రాసుకుందువుగాని.”

అది అమ్మ సొంతంగా కట్టిన పాట. పెళ్ళికి ముందు ఆమదాలవలస చుట్టుపక్కల చేలల్లో కోతలకు వెళ్ళేదట. కోసిన వరి పనలు మోసుకొస్తూ, వాళ్ళమ్మ నాట్లప్పుడు పాడే రాగంలో దేవుడి మాటలు పెట్టి అల్లుకుంది. ‘తొలి పన నీదే తండ్రీ’ అని మొదలవుతుంది. మా బాప్టిస్టు చర్చిలో ఏటా కోత పండుగకు అమ్మే పాడేది. మైకు అక్కర్లేని గొంతు. ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదు, ఎవరూ రాసిపెట్టుకోలేదు. పాడటానికి అమ్మ ఉండగా రాసుకోవడం ఎందుకని అందరిలాగే నేనూ అనుకున్నాను.

ఆ ఏడు అమ్మ గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం అయింది, ఉప్పునీళ్ళ పుక్కిలింతలు అయ్యాయి, చివరికి విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్ళాం. పడుచుతనంలో చేలగట్ల మీద అలవాటైన చుట్ట, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే మా వైపు అడ్డపొగ, బాప్తిస్మం నాడే మానేసింది. మానేసినా అది మాత్రం మమ్మల్ని వదల్లేదు. గొంతులో గడ్డ ఉంది, స్వరపేటిక తీసేయాలి, ప్రాణానికి భయం లేదు గానీ ఇక మాట ఉండదు అని డాక్టరు చెప్పాడు. మంచం ఖాళీ అవగానే ఫోను చేస్తామని, పది రోజులు పట్టొచ్చని అన్నారు.

పాసింజరులో తిరిగొస్తూ అమ్మ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. పొందూరు దాటాక, “అయితే పది దినాలున్నాదన్నమాట” అంది. మర్నాడే తన చీటీ ఎత్తి, నన్ను శ్రీకాకుళం తీసుకెళ్ళి ల్యాప్‌టాప్ కొనిపెట్టింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో నా పీజీకి అది చివరి ఏడాది, ప్రాజెక్టు రాయాలి. నా చదువు కోసమే కొందని అప్పుడు నమ్మాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

షాపాయన డబ్బా అప్పగిస్తూ నాకొక మంత్రం ఉపదేశించాడు. “పస్టు ఎనిమిది గంటలు ఆపకుండా ఛార్జి పెట్టాల. తరవాత మొత్తం ఖాళీ అయ్యేదాక వాడాల. మళ్ళీ పెట్టాల. అలగ మూడుసార్లు అయ్యేక గాని దీన్ని మామూలుగా వాడకు. లేదంటే ఆరు నెల్లకే బ్యాటరీ పోతాది. ఆనక నా దగ్గరికొచ్చి ఏడిస్తే నానేటి సెయ్యను?”

నేను దాన్ని వేదవాక్యంలా పట్టుకున్నాను. నాలుగు అక్షరాలు వచ్చినదాన్ని కదా, సంచిలోనే ఉన్న కంపెనీ పుస్తకం తెరిచి చూడొచ్చు. చూడలేదు. కీబోర్డు మీద ప్లాస్టిక్ పొర కూడా తీయకుండా, బల్ల మీద ఉతికిన తువ్వాలు పరిచి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు దాన్ని పెట్టి ఛార్జరు తగిలించాను.

ఆ రోజుల్లో కరెంటు సంగతి మా జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. పొద్దున మూడు గంటలు చెప్పి తీసేవారు, మధ్యాహ్నం చెప్పకుండా తీసేవారు. ఐదు గంటలు ఎక్కాక పోయేది. మళ్ళీ వచ్చాక నేను ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టేదాన్ని.

“ఐదు గంటలు అయిపోనాది గదే. మిగతా మూడూ పెడితే సాలదా?” అనేది అమ్మ, ఆ గరగర గొంతుతో.

“ఆపకుండా అన్నాడమ్మా. నీకు తెల్దు, ఊరుకో.”

నిద్రపోతున్నప్పుడు పెడితే పేలుతుందని ఎవరో చెప్పారు కాబట్టి రాత్రిళ్ళు పెట్టను. రెండున్నర గంటలకే పచ్చ లైటు వెలిగేది. ఎదురుగా కనిపించే ఆ లైటును నమ్మలేదు, శ్రీకాకుళంలో ఉన్న షాపాయన్ను నమ్మాను. అలా మొదటి ఛార్జీకే నాలుగు రోజులు పోయాయి. ఆ నాలుగు రోజులూ అమ్మ పెందలాడే వంట ముగించి, పండక్కి కట్టే తెల్లచీర కట్టుకుని, కుర్చీ ఆ బల్ల పక్కకు లాక్కుని కూర్చునేది. “అయిపోనాదా?” అని అడిగేది. లేదనగానే వెళ్ళి చీర మార్చుకునేది.

ఐదో రోజు ఖాళీ చేయాలి. ఎలా ఖాళీ చేశానో రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. స్నేహితురాలి పెన్‌డ్రైవు తెచ్చి సినిమా పాటలు పెట్టి వదిలేశాను. దేవుడి పాటతో మొదలుపెట్టమని అమ్మ బతిమాలిన దాంట్లో మూడు గంటలపాటు, వినేవాళ్ళు లేకుండా, ఐటం పాటలు మోగాయి. బ్యాటరీ తొమ్మిది శాతానికి వచ్చాక అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

“ఊరికే అయిపోతన్నాది గదే. ఆ మిగిలిందాన్లో నాను పాడెస్తాను. నాలుగు సరణాలే.”

విసుక్కుంటూనే రికార్డింగు నొక్కాను. పాడటం మొదలుపెట్టిందో లేదో, ఎర్రగుర్తు వచ్చింది. మధ్యలో ఆగిపోతే పాట పాడవుతుందని ఆపేశాను. మూడు ఛార్జీలయ్యాక పాడుదువుగాని, మంచి మైకు కూడా తెస్తాను, ఇంకా ఐదు రోజులుంది అన్నాను. అమ్మ నన్ను చూసి, సరేనని తలూపి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఏడో రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. మంచం ఖాళీ అయింది, సాయంత్రంలోగా చేరాలి, పొద్దున్నే ఆపరేషను. అప్పటికి కరెంటు పోయి గంటయింది. ల్యాప్‌టాప్ తెరిచి మీట నొక్కాను. నల్లగా ఉండిపోయింది. రెండోసారి ఖాళీ చేయడం ఆ పొద్దునే, చాలా శ్రద్ధగా, సున్నా వరకూ పూర్తిచేశాను. మా ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను, అందులో రికార్డింగు లేదు. స్టేషనుకు బయలుదేరేవరకూ కరెంటు వస్తుందేమోనని బల్బుకేసి చూస్తూ నిలబడ్డాను. రాలేదు. “పోనీలే గుంటా. దేవుడు ఇనీసేడులే” అంది అమ్మ. చీరలు సర్దుకుంటూ, నావైపు చూడకుండా అంది.

ఆ రాత్రి వార్డులో నర్సు ఛార్జరు పెట్టనివ్వలేదు. మర్నాడు ఆపరేషను గది బయట, ఏం చేయాలో తోచక, వెంట తెచ్చిన ల్యాప్‌టాప్ సంచిలోంచి ఆ చిన్న పుస్తకం తీశాను. మొదటి రోజు నుంచే మామూలుగా వాడుకోవచ్చు. నిండగానే ఛార్జింగు దానంతట అదే ఆగుతుంది. బ్యాటరీని పదేపదే పూర్తిగా ఖాళీ చేయవద్దు. అంతే, రెండో పేజీలోనే ఉంది. చదివి, అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. పక్కనున్న ముసలావిడ నా తల నిమిరి, “నీకెవరున్నారమ్మా లోపల?” అని అడిగింది.

అమ్మ బతికింది. అదే చాలని అందరూ అన్నారు. నేనూ అన్నాను. కానీ పొద్దున లేవగానే వినిపించే పాట లేని ఇంట్లో ఉండటం నాకు చేతకాలేదు. నన్ను పిలవాలంటే చెంచాతో స్టీలు గ్లాసు మీద కొట్టేది. చెప్పాల్సినవి పలక మీద రాసేది. నా మీద కోపంగా ఒక్క అక్షరమూ రాయలేదు. రాసి ఉంటే ఏదో ఒక రోజు చెరిపేసుకునేదాన్ని.

ఆ బ్యాటరీ మాత్రం ఐదేళ్ళు ఉక్కుముక్కలా పనిచేసింది.

ఆ ఏడు కోత పండుగ దగ్గరపడుతుండగా అమ్మ గ్లాసు కొట్టి పిలిచింది. ల్యాప్‌టాప్ చూపించి, చెవి దగ్గర చెయ్యి పెట్టింది. ఆనాడు ఆపేసిన ముక్క ఉందన్న సంగతి అమ్మ మరిచిపోలేదు. పద్నాలుగు సెకన్లు. గొంతు సవరించుకున్న చప్పుడు. “ఇనబడతన్నాదా?” అన్న మాట. తర్వాత ‘తొలి పన నీదే’ వరకూ పాట. అక్కణ్ణుంచి అంతా నేనే. “ఆపమ్మా, ఛార్జి అయిపోతన్నాది, ఆపు.”

మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను. మూడోసారి విన్నాక పలక అందుకుని రాసింది: ‘మిగతాది నువ్వు పాడు.’

ఇరవై రెండేళ్ళు విన్న పాట. రెండో వరుస దాటాక నాకు రాదు. అమ్మ ఒక్కో చరణం పలక మీద రాస్తుంటే నేను టైపు చేసుకున్నాను. మాటలన్నీ వచ్చాయి. పాడాను. కాదని తల అడ్డంగా ఊపింది. గ్లాసు మీద చెంచాతో దరువు వేసి చూపించింది. ఆ దరువుకు మళ్ళీ పాడాను. కాదంది. చేత్తో పైకి, కిందికి చూపిస్తూ, ఊపిరి తప్ప ఏమీ రాని నోటితో పాడి చూపించింది. ఆ పెదాలకేసి చూస్తూ ఏడెనిమిది సార్లు పాడాను.

చివరికి నా కళ్ళు తుడిచి, బావుందని తలూపింది. చిన్నప్పుడు నేను వంకరగా పెట్టిన ముగ్గుకు కూడా అమ్మ అలాగే తలూపేది.