గ్రేసీకి మళ్లీ జలుబు చేసినప్పుడు

కోవిడ్ తగ్గి, జనం మాస్కులు తీసేసిన తర్వాత వచ్చిన మొదటి చలికాలం అది. కర్నూలులో ఒక పెద్ద ఆసుపత్రి పిల్లల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. ఆ ఏడు ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లల్ని పడుకోబెట్టాల్సి వచ్చింది. చాలామందికి ఆర్‌ఎస్‌వీ. పెద్దవాళ్లకు మామూలు జలుబులా వచ్చిపోయే వైరస్ ఇది. పసిపిల్లలకైతే ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు వాచి, జిగటతో మూసుకుపోతాయి. దాన్ని బ్రాంకియోలైటిస్ అంటాం. లాక్‌డౌన్లలో ఇళ్లలోనే పెరిగిన పిల్లల ఒళ్లు ఆ వైరస్‌ని ఎరగదు, అందుకే అందరికీ ఒక్కసారిగా సోకింది అనేవారు మా డాక్టరు గారు.

ఆత్మకూరు దగ్గర పల్లె నుంచి సువార్తమ్మ తన కొడుకుని తెచ్చింది. కూలికి పోయే మనిషి. బాబు ఎనిమిదో నెలలోనే పుట్టాడు, ఇంకా పేరు పెట్టలేదు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. వెనకాలే ఆమె అత్త, చంకలో మూడేళ్ల మనవరాలు గ్రేసీ. ఆ పిల్లకి ముక్కు కారుతోంది.

"ఎగపోస్తాండాడు సిస్టరమ్మా, పాలు గూడ తాగడంలే. సూది ఏమన్నా ఎయ్యండి," అంది సువార్తమ్మ.

"ఈ వైరస్‌ని చంపే సూది లేదమ్మా. బిడ్డ ఒళ్లే దాన్ని గెలవాల. అంతదాకా మనం ఊపిరి అందిస్తాం."

ఆక్సిజన్ పెట్టాం. ముక్కులో జిగట తీస్తూ, గొట్టంతో పాలు పోస్తూ వచ్చాం. తర్వాత వెంటిలేటర్ మీదకు మార్చారు. ఒక మధ్యాహ్నం బాబు గుండె ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా తిరిగి కొట్టుకోలేదు.

వరండాలో ఆ ముసలామె ఏడుస్తూనే మనవరాలి మీద విరుచుకుపడింది. "వద్దంటే ఇంటివా? నువ్వు ముద్దులు పెట్టబట్టే గదే నీ తమ్ముడు పాయ!"

గ్రేసీ రెండు చేతులతో నోరు మూసుకుంది.

మరుసటి చలికాలం సువార్తమ్మ మళ్లీ వచ్చింది, ఈసారి గ్రేసీని ఎత్తుకుని. దగ్గు, కొంచెం జ్వరం. పరీక్ష చేయిస్తే మళ్లీ ఆర్‌ఎస్‌వీ. ఆ మాట వినగానే ఆమె గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. "అదేనా సారూ? వాన్ని తీస్కపోయిందేనా?"

డాక్టరు గారు పాప ఛాతీ విన్నారు. శబ్దం శుభ్రంగా ఉంది. "అదే వైరస్సమ్మా. కానీ పోయినసారి వచ్చినప్పుడే పాప ఒళ్లు దాన్ని గుర్తు పెట్టుకుంది. రక్తంలో మెమరీ సెల్స్ అని ఉంటాయి, ఒకసారి చూసిన వైరస్‌ని ఆనవాలు పడతాయి. దీని విషయంలో ఆ గుర్తు అంత గట్టిది కాదు, అందుకే మళ్లీ వచ్చింది. అయినా ఊపిరితిత్తుల దాకా పోనివ్వలేదు. ఇంటికి తీసుకుపోవచ్చు."

"మల్ల నా కొడుక్కి ఎందుకు లేకపాయ ఆ గుర్తు?"

ఆయన ఆమె ఎదురుగా వంగి చెప్పారు. "పసిబిడ్డలకి సొంత గుర్తు ఉండదు. తల్లి రక్తంలోని రక్షణే కడుపులో ఉండగా బొడ్డుతాడు గుండా అందుతుంది. అది ఎక్కువగా అందేది చివరి నెలల్లో. బాబు ముందే పుట్టాడు."

"అంటే నేనే ఇయ్యలేకపోతినా?"

"అది నీ చేతిలో లేదమ్మా," అన్నారాయన. ఆమె విన్నట్టు లేదు.

అప్పుడు గ్రేసీ నా చీర కొంగు లాగింది. "సిస్టరమ్మా, తమ్మునికి నేనే అంటిస్తినా?"

కాదంటే అబద్ధం అవుతుంది. అవునని ఎలా చెప్పను? ఈలోగా సువార్తమ్మ లేచి వచ్చి పిల్లని దగ్గరికి లాక్కుంది.

"నువ్వు కాదు పాపా. అప్పుడు నాకూ శానా జలుబు ఉండాది. నేనే వాన్ని పక్కలో ఏసుకొని పండుకుంటాంటి. నా నుంచే వచ్చింది."

బాబుని చేర్చుకున్న రోజు గ్రేసీ ముందే నేను అడిగితే, ఇంట్లో గ్రేసీకి తప్ప ఎవరికీ జలుబు లేదని చెప్పింది ఆమే. పిల్ల తల్లి మొహంలోకి చాలాసేపు చూసి, ఆమె భుజం మీద తల పెట్టుకుంది.

ఊపిరాడని పసిబిడ్డ ఎవరు వచ్చినా, ఇంట్లో ముందు ఎవరికి జలుబు చేసిందని అడగక తప్పదు. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగే ముందు, అక్కో అన్నో వెంట ఉంటే వాళ్లని బయటికి పంపిస్తాను.