బంట్రోతు చెట్టు తొలికాయ

గోదారి నీళ్లు దోసిట్లో పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. (ఈ మాట వినగానే మా ఇంట్లోవాళ్లు లేచి వెళ్లిపోతారు. మీరు కూర్చోండి.)

ఆ రోజుల్లో మా కోనసీమలో మధ్యాహ్నాలు ఇప్పటికంటె పొడుగ్గా ఉండేవి. భోజనాలయ్యాక ఊరంతా కొబ్బరాకుల నీడలో తేలుతూ ఉండేది. కాలవలో పడవ కదులుతోందో, పడవ ఆగి ఊరే కదులుతోందో తెలిసేది కాదు. రాజోలు పక్కనున్న మా పల్లెలో ఆ వేళప్పుడు మెలకువగా ఉండే ప్రాణి మా కుక్క ఒక్కటే. తాతయ్య ఎక్కడికి వెళ్లినా నాలుగు బారలు ముందు నడుస్తూ, మేకల్నీ మనుషుల్నీ దారిలోంచి తప్పించేది గనక దాన్ని బంట్రోతు అనేవాళ్లం. మామ్మకి మాత్రం అది శత్రువు. ఆవిడ మడి కట్టుకుని వంట చేస్తున్నంతసేపూ అది వంటింటి గుమ్మం అవతల కాళ్లు చాపుకుని పడుకునేది. "గుమ్మం దాటేవంటే కాళ్లు విరగ్గొడతాను, వెధవా!" అనేది మామ్మ. అది తోకతో నేలమీద టపటపా కొట్టేది. "వస్తున్నానుండరా, ప్రాణం తీసేస్తున్నావు" అంటూ ఆవిడ ఎత్తునించి అన్నం ముద్ద వేసేది. (ఆ ముద్దలో నెయ్యి మా కంచాల్లోకంటె ఎక్కువుండేదని నా అనుమానం.)

అది పోయిన రోజు ముసురు పట్టింది. కొత్త కొబ్బరిమొక్క కోసం తవ్వించి, ఉప్పు చల్లి ఉంచిన గొయ్యి దొడ్లో సిద్ధంగా ఉంది. తాతయ్య బంట్రోతుని తన పాత ఉత్తరీయంలో చుట్టి అందులో పడుకోబెట్టారు. పైన మొక్క పాతాం. మామ్మ ఇంట్లోంచి ఇవతలికి రాలేదు. కాని వేళకాని వేళ తలస్నానం చేసింది.

"కుక్క పోతే మైలేవిటే?" అన్నారు తాతయ్య.

"మైలేంటి నా మొహం! తల జిడ్డుగా ఉంటేనూ!" అంది.

చెట్టు కాపుకొచ్చేనాటికి నేను స్కూల్ ఫైనల్ తప్పి, అరుగుమీద పడుకోవడంలో ఆరితేరి ఉన్నాను. తాతయ్య కూడా పోయారు. ఎప్పటిలాగే బంట్రోతే ముందు నడిచిందన్నమాట.

కొత్త చెట్టు తొలికాయ దేవుడికి కొట్టడం మా ఇంటి ఆచారం. మామ్మ మా పురోహితులు శాస్త్రులుగారిని చెట్టు కిందికి పిలిపించింది.

"ఈ చెట్టు కాయ దేవుడికి కొట్టొచ్చునాండీ?"

"నిక్షేపంలా కొట్టొచ్చునండి. అడగాలాండీ?"

"కింద మా బంట్రోతు ఉందండి" అన్నాడు బాబాయి.

శాస్త్రులుగారు చటుక్కున వెనక్కి జరిగారు. బతికున్నన్నాళ్లూ అది ఆయన పంచె అంచు పట్టుకుని అరుగు దగ్గరే నిలబెట్టేసేది.

"ఆ కుక్కేనాండీ?"

"ఆయ్."

"పనికిరాదండి! దాని దేహం పీల్చుకున్న చెట్టు కదండీ!"

"దేవుడికి పనికిరాని కాయ మనింట్లో పచ్చడిక్కూడా పనికిరాదు కదే అమ్మా. చెట్టు కొట్టించేసి అరటి వేద్దాం" అన్నాడు బాబాయి.

మామ్మ మడిబట్టతోనే వెళ్లి చెట్టు మానుమీద చెయ్యి వేసి నిలబడింది.

గాలి లేదు. ఆకు కదల్లేదు. పైనుంచి ఒక కాయ బయల్దేరి, తొందర లేకుండా, కలలో దిగినట్టు దిగి, శాస్త్రులుగారి పంచె అంచుమీద కూర్చుంది. ఆయన లాగారు, రాలేదు. ఇంకా గట్టిగా లాగారు. కాయ గుర్రుమంది.

"పనికొస్తుందండి! నిక్షేపంలా పనికొస్తుందండి!" అని కేక పెట్టారాయన. కాయ మర్యాదగా పక్కకి దొర్లి దారిచ్చింది.

సరే, మీరలా చూస్తుంటే చెప్పక తప్పదు. కాయ రాలలేదు, గుర్రుమననూ లేదు. శాస్త్రులుగారు పనికిరాదనే చెప్పి గొడుగు వేసుకుని వెళ్లిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, మామ్మ నాకేసి తిరిగి, "ఎక్కరా" అంది. ఎక్కి కోశాను. ఒలిపించిన కాయ పట్టుకుని ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర కాస్సేపు ఆగింది.

"శాస్త్రులుగారు వద్దన్నారు కదే?" అన్నాడు బాబాయి.

"ఆయనకేం తెలుసురా! అన్నేళ్లూ ఈ గుమ్మం దగ్గర కాసుక్కూచుంది ఆయనా?" అని, గుమ్మం దాటి, తిన్నగా దేవుడి ముందుకెళ్లి కొట్టేసింది. కొబ్బరిముక్క నా చేతిలో పెడుతూ మొహం అటు తిప్పుకుంది. చెట్టు కొట్టించే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మా ఊళ్లో గుర్రుమన్న కాయని ఇప్పటికీ నమ్ముతారు. మామ్మ శాస్త్రులుగారి మాట కాదన్నదంటే మాత్రం ఒక్కరూ నమ్మరు.

మామ్మా లేదిప్పుడు. మధ్యాహ్నంపూట అరుగుమీద కళ్లు మూతలు పడుతుంటే, దొడ్లో ఎండుమట్ట ఒకటి ఆ చెట్టు మానుకి టపటపా కొట్టుకుంటుంది. "వస్తున్నానుండరా" అని లేస్తాను. సగం దూరం వెళ్లాక గుర్తొస్తుంది. అయినా వెనక్కి తిరగను. ఎలాగూ లేచాను కదా!