పెనుకొండలో ఎక్కే సారు

మా పాపకు కాలేజీలో అకౌంట్లు చెప్పిన సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మగ్గం గుంతలో కూర్చొని ఉన్నాను. పాప ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని, "నాయనా, సారు..." అని ఆగిపోయింది. గుండెల్లో నొప్పి అంటే అనంతపురం తీసుకుపోతున్నారట, దారిలోనే అయిపోయిందట. వాళ్ళ అన్నగారు అటునుంచి అటే రామగిరి పక్కన సొంతూరికి తీసుకుపోయి కార్యం ముగించేశారు. మాకు తెలిసేటప్పటికి ఆఖరి చూపు కూడా లేదు.

ఆయన దినాలు కాకముందే యూనివర్సిటీ ఫలితాలు వచ్చాయి. మా పాప బీకాం పాసయింది! అయ్యా, అమ్మా, నా సంతోషం ఎట్లా చెప్పేది మీకు! వీధిలో కనపడిన ప్రతి మనిషినీ ఆపి చెప్పాను. ఒకడు "ఉద్యోగమెప్పుడు మామా?" అన్నాడు, ఇంకొకామె "పెండ్లెప్పుడన్నా?" అన్నది. పాప పాస్ కావడమంటే ఏమిటో తెలిసిన మనిషి ఒక్కరే. ఆయనేమో లేరు. పాప తల్లి బతికుంటే ఇంత ఒంటరిగా ఉండేది కాదేమో నాకు. ఆమె పోయి చాలా కాలమయింది.

మాది ధర్మవరం. పాప చదివింది హిందూపురంలో. రోజూ ప్యాసింజరు బండిలో పోయి రావాలి. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్ల, డిగ్రీలో చేరగానే అంతా ఇంగ్లీషు. మొదటి సెమిస్టరులోనే ఫైనాన్షియల్ అకౌంటింగ్ తప్పింది. ఆ దినం నేను తోడుగా పోయాను. బండిలో కిటికీ వైపు మొహం తిప్పుకొని, "రేపట్నించి నేను పోను నాయనా. నీ పక్కన మగ్గంలో కూర్చుంటా" అన్నది. ఆ గుంతలో కూర్చొని కూర్చొని నా మోకాళ్ళు ఏమయ్యాయో నాకు తెలుసు. దానికి ఆ బతుకు వద్దనే కదా చదివిస్తున్నది!

పెనుకొండలో ఎక్కిన ఒకాయన ఎదురు సీట్లో కూర్చొని బొరుగులు తింటున్నారు. మా మాటలు విన్నట్టున్నారు.

"ఏ సబ్జెక్టు పోయింది పాపా?"

పాప తల వంచుకొని, "మీదే సార్" అన్నది.

చుట్టూ ఉన్న కాలేజీ పిల్లలంతా ఒకటే నవ్వు. ఆయన కూడా నవ్వి, పొట్లం పాప ముందుకు చాచారు. "అయితే అందులో సగం తప్పు నాదే. తీసుకో, బొరుగులు తిను. రేపు ఇదే పెట్టెలో ఎక్కు."

అట్లా మొదలైంది రైల్లో పాఠం. దుమ్ము పట్టిన కిటికీ రేకు మీద వేలితో అడ్డగీత గీసి, దాని మధ్య నుంచి కిందికి ఒక నిలువు గీత గీసేవారు. ఎడమ పక్క డెబిట్టు, కుడి పక్క క్రెడిట్టు. పాఠం అయ్యాక చేతిరుమాలుతో తుడిచేవారు. సాయంత్రానికి మళ్ళీ దుమ్ము పట్టేది, మళ్ళీ గీసేవారు.

ఒక చిన్న స్టేషన్లో బండి ఆగితే, "చూడండి, ఈ బండి మన అంగడి అనుకోండి. లోపలికొచ్చే సరుకు డెబిట్టు, బయటికి పొయ్యేది క్రెడిట్టు" అన్నారు.

ఒక పిల్లోడు, "సార్, టికెట్ లేకుండా ఎక్కినోడు?" అన్నాడు.

"నీ సంగతి టీసీ రాసుకుంటాడులే, మనకెందుకు!"

మొదట్లో పాపకు తోడని పోయేవాణ్ణి. తర్వాత తర్వాత హిందూపురంలో నాకేదో పని ఉన్నట్టు కల్పించుకొని పోయేవాణ్ణి. ఐదో తరగతితో ఆగిపోయినవాణ్ణి, ఈ వయసులో పాఠం వినడం ఎంత బాగుండేదో! చదువుకున్నవాళ్ళు మీరు, నవ్వుకోవద్దు.

ఒకసారి సారు ఎవరింటి ఆస్తులు వాళ్ళను రాసుకు రమ్మన్నారు. మా పాప అన్నిటికంటే పైన, మగ్గం మీది పట్టు అని రాసింది. సారు కాగితం చూసి నా వైపు తిరిగారు.

"ఈ పట్టు ఎవురిది పెద్దాయనా?"

"మాదే సార్. మా మగ్గం మీదుండేది మాది కాకుండా యాడికి పోతాది?"

"నువ్వు కొన్యావా?"

"లేదు సార్, షావుకారు ఇచ్చినాడు. నేసిచ్చేది, కూలి తెచ్చుకునేది."

"అయితే పట్టు షావుకారుది. చీర కూడా ఆయనదే. కొట్టెయ్ పాపా."

పాప కొట్టేసింది. మా నేతగాళ్ళ ఇళ్ళలో ఎవరిని అడిగినా నా పట్టు, నా చీర అనే అంటారు. పెట్టెలో అందరి ముందర ఆ గీత పడేసరికి నాకు మొహం చిన్నబోయింది. బయటికి చూస్తూ కూర్చున్నాను.

కొంతసేపటికి సారు నా మోకాలి మీద చెయ్యి వేశారు. "కోపమొచ్చిందేమప్పా?"

"కోపమేముంది సార్. ఇన్నేండ్లు నాదనుకొని నేసినా, అంతే."

"నాదనుకోబట్టే అంత బాగా నేసినావు. అయితే లెక్కలో అనుకునేదానికి చోటు లేదప్పా." ఆగి మళ్ళీ అడిగారు. "మగ్గం ఎవురిది?"

"మా నాయన చేయించింది సార్. నాది."

"రాయి పాపా. మగ్గం. అన్నిటికంటే పైన రాయి."

ఆ దినం నుంచే పాపకు లెక్క పట్టుబడింది. ఏది చూసినా, ఇది మన దగ్గర ఉండేదా, మనదా అని అడుగుతూ ఉండేది. తప్పిన పేపరు మళ్ళీ రాసి గట్టెక్కింది. సారు మెచ్చుకొని పొగడలేదు. ఆ సాయంత్రం కిటికీ పక్క నుంచి లేచి, "ఇంక నువ్వు చెప్పు, ఈ కొత్త పిల్లోళ్ళు వింటారు" అన్నారు, అంతే. మా పాప రేకు మీద వేలితో గీత గీస్తుంటే నాకు కళ్ళు మసకబారాయి.

ఎప్పుడో అడిగాను, "ఇంటికాడ ఎవురుండారు సార్?" అని.

"నేనూ, రేడియో" అన్నారు. "పని దినాలు ఎట్లో గడిచిపోతాయప్పా. ఆదివారమే కష్టం. బండి ఎక్కే పనుండదు కదా."

ఆ మాట అప్పుడు విని ఊరుకున్నాను. పాప చదువు అయిపోయి, నాకూ బండి ఎక్కే పని లేకుండా పోయాక తెలిసింది.

ఫలితాలు వచ్చిన మర్నాడు మైసూరుపాకు కట్టించుకొని నేనొక్కణ్ణే పెనుకొండలో దిగాను. తాళం వేసి ఉంటుందని తెలుసు. అయినా పోయాను. వాళ్ళనూ వీళ్ళనూ అడుక్కుంటూ ఇల్లు పట్టుకున్నాను. పక్కింటామె గిన్నెలు తోముతూ తలెత్తింది.

"ఎవురప్పా నువ్వు? సారు లేడు కదా."

"తెలుసు తల్లీ. మా పాప పాసయింది. సారుకు చెప్పి పోదామని."

మైసూరుపాకు పొట్లం విప్పి ఆమె ముందుకు చాచాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని, ఒక ముక్క తీసుకొని, "మంచిదప్పా" అన్నది.

సారు ఇంటి ముందర తీగ మీద ఆయన తెల్ల చొక్కా ఒకటి ఆరేసి ఉంది. నొప్పి వచ్చిన దినం సాయంత్రం ఆయనే ఉతుక్కున్నదట. వాళ్ళవాళ్ళు వచ్చి తీస్తారులే అని ఎవరూ ముట్టలేదట. గాలికి చేతులు రెండూ లేస్తున్నాయి, పడుతున్నాయి. క్లిప్పులు తీసి, చీర మడత పెట్టినట్టు అంచుకు అంచు కలిపి మడిచాను. పొద్దుటి నుంచి ఎండలో కాగిన గుడ్డ, ఇప్పుడే ఒంటి మీద నుంచి విడిచినట్టు వెచ్చగా ఉంది.