పొట్టు కొట్టంలో పడక

మీ ఇంట్లో ఎడతెరిపి లేకుండా తుమ్మే మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే, ఆ మనిషి ఎక్కడ పడుకుంటున్నారో మీరు ఎప్పుడైనా వెళ్లి చూశారా? మా ఇంట్లో మూడేళ్లు ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

మా పల్లె దేవరకొండకు నాలుగు కోసుల దూరం. మా అన్నకు పెళ్లయి, వదిన రామన్నపేట వైపు నుంచి కాపురానికి వచ్చింది. మొదటి ఏడు జొన్న కల్లం నడుస్తున్నప్పుడు ఆమెకు తుమ్ములు మొదలయ్యాయి. ఒకటీ రెండూ కాదు, వరసగా ఎనిమిది, పది. కళ్లు ఎర్రబడి నీళ్లు కారేవి. కొంగుతో ముక్కు తుడిచి తుడిచి పైపెదవి పుండయింది. కల్లం ముగిసినా తుమ్ములు ఆగలేదు.

బయలుదేరేటప్పుడు తుమ్ము వినిపిస్తే మా పల్లెలో మనిషి అడుగు ముందుకు వేయడు. వెనక్కి వచ్చి కాళ్లు కడుక్కుని, కూర్చుని నీళ్లు తాగి, కాసేపాగి వెళ్తాడు. ఎద్దుల సంతకు పోవలసిన పొద్దున మా నాయిన మూడుసార్లు కాళ్లు కడుక్కున్నాడు.

పక్కింటి పెద్దమనిషి గోడ మీదుగా చూసి, "ఏం పటేలా, సంతకు పోవుడున్నదా, బాయి ఎండేదాక కాళ్లు కడుగుడేనా? నీ కోడలు ముక్కుకు ఒక కావలోన్ని పెట్టరాదు!" అన్నాడు.

నాయిన నవ్వలేదు. ఆ సాయంత్రమే అమ్మ వదిన చాప, బొంత తీసుకెళ్లి పెరట్లోని కొట్టంలో వేసింది. పశువుల కోసం జొన్న పొట్టు, పల్లికాయ పొట్టు నింపిపెట్టే కొట్టం అది. వాకిటికి దూరం.

"కొట్టంల తుమ్మితే మొగోళ్లకు ఇనపడది బిడ్డా," అంది అమ్మ. కోపంతో అనలేదు. కోడలికి మాటలు పడే బాధ తప్పుతుందనే అనుకుంది.

నేనప్పుడు దేవరకొండలో చదువుతూ, సాయంత్రాలు గ్రంథాలయంలో జరిగే చర్చలకు పోయేవాణ్ని. సెలవులకు వచ్చి సంగతి విని మండిపోయాను. అరుగు మీద నాయినతో, పక్కింటాయనతో పొద్దు వాలేదాకా వాదించాను.

"ఎద్దు తుమ్మితే కాళ్లు కడుగుతరా? మేక తుమ్మితే? ముక్కుల దుమ్ము పోతే తుమ్మొస్తది, గంతే! దాంట్ల శకునం లేదు, రోగం లేదు, ఏం లేదు!"

"పోరనికి నోరు గట్టిగనే వచ్చింది," అని పక్కింటాయన లేచి వెళ్లాడు. నాయిన కండువా దులుపుకుని లోపలికి పోయాడు. నేను గెలిచాను.

నీళ్ల చెంబు తెచ్చిన వదిన, అరుగు ఖాళీ అయ్యాక మెల్లగా అడిగింది. "మరిదీ, నువ్వు గెలిచినవు గదా. మరి నాకెందుకు తక్కువైతలేదు? పండుకుంటే ఊపిరాడుతలేదు. తెల్లారేదాక కూసునే ఉంటున్న."

"మనసుల భయం పోతే అదే పోతది వదినా. ఫికర్ చెయ్యకు."

దుమ్ము అన్న మాట నా నోటి నుంచే వచ్చింది. లేచి పెరట్లోకి నాలుగడుగులు వేస్తే చాలు, కొట్టం తలుపు తెరిచే ఉంది. లోపల పడిన సాయంత్రపు ఎండలో పొట్టు ధూళి తేలుతూ కనిపించేది. నేను పోలేదు. ఆ తుమ్ము నాయినకు కీడు. నాకు వాదించడానికి దొరికిన సాకు. దాన్ని రోగంగా చూసినవాడు మా ఇద్దరిలో లేడు.

ఆమె కొట్టంలోకి మారిన మూడేళ్లకు, కల్లాలు ముగిసి నేనూ ఇంట్లో ఉన్నప్పుడు, ఒక ఉదయం వదిన కొట్టం గడప మీద రెండు చేతులూ మోపి వంగి కూర్చుని ఉంది. ఊపిరి పిల్లికూతలు కూస్తోంది. పెదవులు నల్లబడ్డాయి. అన్న బండి కట్టాడు. మెత్తగా ఉంటుందని అమ్మ బండిలో కూడా పొట్టే పరిచింది. వదినను ఎత్తి కూర్చోబెట్టాం. అన్న ఎద్దులను అదిలించబోతుండగా ఆమె తుమ్మింది.

నాయిన పగ్గం పట్టుకున్నాడు. "జర ఆగుండ్రి. నీళ్లు తాగి పోదురు."

నేను ఆ పగ్గం గుంజుకుని బండి తోలవలసింది. తోలలేదు. "ఊపిరాడని మనిషి తుమ్ముకు శకునమేంది?" అని వాదన మొదలుపెట్టాను. ఆయన ఒకటంటే నేను రెండన్నాను. అన్న మమ్మల్ని మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాడు. అమ్మ నీళ్ల కోసం లోపలికి పరిగెత్తింది. ఎంతసేపు గడిచిందో తెలియదు. చివరికి వదినే చేయి చాచి అన్న వీపు మీద కొట్టింది. నోట మాట రాక వేలితో దారి చూపించింది.

దేవరకొండ దవాఖానలో డాక్టరు సూది వేసి, ఆమె రొమ్ముకు గొట్టం ఆనించి విన్నాడు. అమ్మ వైపు తిరిగి, "ఈమె ఎక్కడ పండుకుంటది?" అని అడిగాడు.

"పొట్టు కొట్టంల, సారు."

"ఎన్నేండ్ల సంది?"

అమ్మ మూడు వేళ్లు చూపింది.

డాక్టరు ఆమె మీద నుంచి గొట్టం తీశాడు. "అమ్మా, కొందరి ఒంటికి పొట్టు దుమ్ము పడది. ముందుగాల ముక్కు మీద చూపిస్తది, తర్వాత రొమ్ములకు దిగుతది. దుమ్ముకు దూరముంచి గోలీలిస్తే ముక్కుకాడనే చానామటుకు ఆపొచ్చు. మూడేండ్లల్ల ఒక్కనాడన్న తోల్కరాలేదా?"

మధ్యాహ్నం కాకముందే వదిన పోయింది. అదే బండిలో వెనక్కి తెచ్చాం. దారిలో ఎవరూ తుమ్మలేదు.

దినాలయ్యాక అమ్మ ఆమె బొంతను వాకిట్లోకి తెచ్చి దులిపింది. పొట్టు ధూళి పొగలా లేచింది. అమ్మ ఆ బొంత పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాయిన ఇప్పటికీ తుమ్ము వినిపిస్తే ఆగుతాడు. ఆయనతో నేను మళ్లీ వాదించలేదు.

తుమ్ము శకునం కాదని మీరు తల ఊపితే నాకు చాలదు. ఆ మాట నేనూ అన్నాను, ఆమె బతకలేదు. లేవండి. ఆ మనిషి బొంతను బయటికి తెచ్చి దులిపి చూడండి. ఆ గదిలోని పొట్టు, చొప్ప, పాత గోనెలు ఇవాళే తీసేయండి. తీయలేకపోతే మనిషినే అక్కడి నుంచి తీసుకురండి. రోగం ముక్కు దగ్గర ఉన్నప్పుడే డాక్టరుకు చూపించండి. ఊపిరి కూసిందా, బండి కట్టండి. ఎవరు తుమ్మినా, ఎవరు వాదించినా బండి ఆపకండి.