ఆపరేషన్‌కు ముందు దావత్‌లు

2023లో సంతోష్‌నగర్ దగ్గర ఓ ఆస్పత్రిలో డైటీషియన్‌గా ఉన్నాను. మాది బేరియాట్రిక్ విభాగం, అంటే బరువు తగ్గించే ఆపరేషన్లు చేసేది. ఉప్పుగూడ నుంచి పాలవ్యాపారి మల్లేశ్, భార్య సుజాత వచ్చారు. నేను ప్రశ్న అడిగి జవాబు కోసం చూసేసరికి మనిషి కుర్చీలోనే గురకపెడుతున్నాడు.

అతనికి స్లీప్ అప్నియా. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది, ఉలిక్కిపడి లేస్తారు, మళ్లీ అదే. గాలిని ఒత్తిడితో ముక్కులోకి పంపే సీపాప్ మెషిన్ ఇస్తే మూలన పడేశాడు. పాల ఆటో నడుపుతూ కునుకు తీసి డివైడర్ ఎక్కించాడు. అయినా, "నాకేమైంది మేడమ్? మస్తు నిద్రపడ్తది" అంటాడు!

"ఊపిరి ఆగి సప్పుడు బందైతే నా పానం పోతది మేడమ్" అంది సుజాత.

బరువు తగ్గితే గొంతు చుట్టూ కొవ్వు తగ్గి ఊపిరి ఆడుతుందని డాక్టర్లు సర్జరీ నిర్ణయించారు. దానికి ముందు రెండు వారాలు లిక్విడ్ డైట్: పలుచని మజ్జిగ, ప్రొటీన్ పౌడర్. కాలేయం చిన్నదైతేనే దాని వెనకున్న జీర్ణాశయం సర్జన్‌కు అందుతుంది. నోరు నొప్పిపుట్టేలా చెప్పాను. ఇద్దరూ తలలూపారు.

తీరా ఆపరేషన్ రోజు పొట్టలోకి కెమెరా పెట్టి చూస్తే కాలేయం ఉబ్బి అంతా కప్పేసింది. సర్జన్ ఏమీ చేయలేక కుట్లు వేసి బయటికొచ్చాడు. అప్నియా ఉన్నవాళ్లకు మత్తు ఇవ్వడమే ప్రమాదం, అదీ వృథాగా ఇచ్చాం.

"ఏం తిన్నాడు?" అన్నాను.

"ఆపరేషనైతే ఇగ మల్ల తినలేడని చుట్టాలందరు దావత్‌లకు పిలిచిండ్రు మేడమ్" అంది సుజాత. "మేనత్త తలకాయ కూర చేసింది. బావ బిర్యానీ తెచ్చిండు. తినకుంటే లొల్లి."

నాకు ఒళ్లు మండిపోయింది. "మనిషిని సాగనంపుతున్నారా ఏంటి?" అని అరిచాను.

ఆమె బోరున ఏడ్చింది. "వద్దన్న మేడమ్. కోడలు మాట ఎవరింటరు?"

రెండోసారి ఆపరేషన్‌కు ముందు డైట్ చార్టు మల్లేశ్‌కు ఇవ్వలేదు. మేనత్తనూ, బావనూ పిలిపించి, ఏమి తినిపిస్తే ఏమవుతుందో వాళ్లకే చెప్పాను. మేనత్త అలిగింది. ఆపరేషన్ మాత్రం సజావుగా జరిగింది.

నెలలు గడిచాక మళ్లీ చేసిన స్లీప్ స్టడీ, అంటే నిద్ర పరీక్ష, బాగా వచ్చింది. సన్నబడ్డ మల్లేశ్ ఎర్రటి కళ్లతో వచ్చాడు.

"మళ్లీ నిద్ర పట్టడం లేదా?"

"ఈమె పండనిస్తలేదు మేడమ్! గురక లేదని ఊకె లేపుతది."

"సప్పుడు లేకుంటే భయమైతది మేడమ్" అంది సుజాత తలొంచుకుని.

నా కోపమంతా దిగిపోయింది. జబ్బు ఒక్కరికి వచ్చినా, దాంతో బతికేది ఇల్లంతా అని నాకు ఈ కేసే నేర్పింది. మల్లేశ్‌ను బయట కూర్చోమని, ఆ రోజు కౌన్సెలింగ్ సుజాతకు ఇచ్చాను.