మైకులో చెప్పిన మాట

నంద్యాలలో యెషయా ముఖం తెలియనివాళ్లు ఉన్నారేమో గానీ, గొంతు తెలియనివాళ్లు లేరు. చీరల తగ్గింపు ధరలైనా, కొత్త హోటలైనా, సర్కసు వచ్చినా ఆటోకు కట్టిన మైకులో పలికేది అతని గొంతే.

ఆళ్లగడ్డలో కమలాక్షమ్మ కొర్రలు, రాగులు, మెంతులు వేయించి, పట్టించి జావపిండి అమ్మేది. మంచి పిండి. అయినా బేరాలు అంతంతమాత్రం. ప్రకటన చేసిపెట్టమని ఆమె అడిగితే, "రుచి, బలం అంటే ఎవరు కొంటారక్కా?" అని యెషయా తనే ఒక మాట చేర్చాడు. "ఈ జావ తాగండి, షుగరు మాత్రలు మానేయండి! వందలమంది మానేశారు!"

కమలాక్షమ్మ తికమకపడింది. "ఎవరప్పా మానేసింది? నాకు తెలిసి ఒక్కరూ లేరే."

"ప్రకటన అంటే అట్లే ఉంటాదిలేక్కా. ఎవరడుగుతారు?"

నిజంగానే ఎవరూ అడగలేదు. పిండి నంద్యాల దాకా అమ్ముడుపోయింది. కమలాక్షమ్మ కూడా మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఎండలు ముదిరాక యెషయా చిన్నమ్మ మరియమ్మ నంద్యాల ఆసుపత్రిలో చేరింది. కాలికి పుండుపడి, చీము పట్టి, రెండు వేళ్లు తీసేశారు. పండ్లు తీసుకుని చూడబోయిన యెషయా ఆ కట్టు చూసి నివ్వెరపోయాడు.

"షుగరు మాత్రలు వేసుకుంటాండావు గదా చిన్నమ్మా, ఇంతదాకా ఎట్లొచ్చె?"

"మానేస్తి గదరా. జావ తాగుతాంటి. మైకులో నువ్వే గదా చెప్పింది?" ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "వేరేవాళ్లు చెప్పింటే నమ్మకపోదును. మా యెషయా ఊరికే చెప్తాడా అనుకుంటి. నేనే సరిగ్గా కాచుకోలేదేమో."

యెషయా తల ఎత్తలేకపోయాడు. "అది నేను కల్పించిన మాట చిన్నమ్మా. ఎవరూ మానలేదు."

మరియమ్మ గోడవైపు తిరిగింది. పక్కమంచం దగ్గర కూర్చున్న ఆడమనిషి మాత్రం, "ఆ మైకాయన నువ్వేనా? మా ఇంట్లో గూడా ఆ పిండి ఉంది" అంది. యెషయాకు చెవులు మండిపోయాయి.

అక్కడినుంచే ఆళ్లగడ్డ బస్సెక్కాడు. జరిగిందీ, మైకులో నిజం చెప్పబోతున్నదీ విని కమలాక్షమ్మ గుమ్మంలోనే కూలబడింది.

"తెలిసి గూడా నోరు మూసుకుంటి. దుడ్లు వస్తాంటే కమ్మగా ఉండె. నా అంగడి పేరు గూడా చెప్పప్పా. లేకుంటే ఏ పిండో ఎట్లా తెలుస్తాది?"

ఈసారి రికార్డు చేయలేదు. మైకు పట్టుకుని తనే ఆటోలో కూర్చున్నాడు. "కమలాక్షమ్మ జావతో షుగరు పోతాదని చెప్పింది నేనే. అది అబద్ధం. మాత్రలు మానినవాళ్లు డాక్టరు దగ్గరికి పోండి." అది విని టీకొట్టు దగ్గర కొందరు నవ్వారు. ఇదీ ఏదో కొత్తరకం ప్రకటనే అనుకున్నారు.

రుద్రవరం దారిలో ఒక ముసలాయన చెయ్యెత్తి ఆటో ఆపాడు. "షుగరుకు పిండి అంటాండావే, యాడ దొరుకుతాదప్పా?"

యెషయా మైకు పక్కన పెట్టి దిగాడు. ముఖంలోకి చూస్తూ చెప్పడం ఎంతో కష్టమైంది. అయినా జరిగిందంతా చెప్పాడు.

"మరి ముందెందుకు అట్లా చెప్పినావప్పా?"

యెషయా ఆయనకు చేతులు జోడించాడు. తర్వాత ఆటో ఎక్కి, మళ్లీ మైకు అందుకుని, పక్క ఊరికి పోనిమ్మన్నాడు.