ఎల్లిగడ్డ పట్టినోళ్లకే మాట

ఐలవ్వ ముందు కూర్చుని ఎల్లిగడ్డలు ఒలవని మగాడు మా కాలనీలో దాదాపు లేడు. మా తెనాలి వైపు వెల్లుల్లి అంటాం గానీ, గోదావరిఖనికి వచ్చి నలభై ఏళ్లయ్యాక నాకూ అది ఎల్లిగడ్డే. నేనూ ఒలిచాను. ఎనిమిదేళ్ల కిందట పక్కింటి గట్టయ్యకూ నాకూ మునగచెట్టు దగ్గర తగాదా వచ్చింది. చెట్టు నాది, కాయలు వాళ్ల వైపు. గనిలో ఓవర్‌మన్‌గా వందమంది చేత పని చేయించిన ఈ చక్రపాణి, ఆవిడ అరుగు మీద గోళ్లు మండేదాకా ఒలిచాడు. చివరికి మేమిద్దరం మునక్కాయల మాట మరిచి, చేతులు కడుక్కోవడానికి నీళ్లెక్కడున్నాయా అని వెతుక్కున్నాం.

ఐలవ్వకు డెబ్బై దగ్గరపడ్డాయి. బాయి క్యాంటీన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసింది. ఇక్కడ బొగ్గుగనిని బాయి అంటారు. బాయిలో పనిచేసే భర్త పచ్చకామెర్లతో పోయినప్పుడు, ఆ ఉద్యోగం ఆమె మరిదికి ఇప్పించాలని కులపెద్దలు కూర్చుని తీర్మానించేశారట. ఆమె చంటిపిల్లను చంకనేసుకుని నేరుగా ఆఫీసుకు వెళ్లి, "నా పెనిమిటి నౌకరి నాకే ఇయ్యాలె" అని బల్ల ముందు నిలబడింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా చివర ఒకే మాట అనేది: "పదిమంది పెద్దమనుషులు కూసున్నరు సారూ. ఒక్కడన్న నన్ను అడుగలే."

రిటైరయ్యాక రెండు టిఫిన్ సెంటర్లకు అల్లం ఎల్లిగడ్డ ముద్ద నూరి ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకరోజు ఇద్దరు ఆమె వాకిట్లో కొట్టుకోబోతుంటే చెరో గుప్పెడు ఎల్లిగడ్డలు చేతిలో పోసి, ఒలుచుకుంటూ మాట్లాడమందట. "చేతులు ఖాళీగుంటే మీదికి లేస్తయి" అంటుంది. అప్పటినుంచీ అదే పద్ధతి. షరతులు రెండు. చాటలో కుప్ప అయిపోయేదాకా ఎవరూ లేవకూడదు. చేతిలో ఎల్లిగడ్డ ఉన్నవాళ్లే మాట్లాడాలి. ఈ రెండోది చుట్టూ మూగే జనం కోసం పెట్టింది. మా కాలనీలో తగాదా ఇద్దరిదైతే సలహాలు ఇరవైమందివి.

"ఐలవ్వా, నువ్వు పంచాయితీ చెబుతున్నావా, కూలి ఖర్చు తప్పించుకుంటున్నావా?" అని ఒకసారి ఏడిపించాను.

"రెండూ సారూ" అంది, తల ఎత్తకుండా.

నిరుడు సదానందం ఇంటి పంచాయితీ వచ్చింది. అతను బాయిలో బొగ్గు తొట్లను లాగే హాలేజీ మోటారు నడిపేవాడు. ఊపిరితిత్తులు చెడిపోయి నాలుగడుగులు వేస్తే ఆయాసం. కొత్తగూడెంలో మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాసింది. అలా రాస్తే పిల్లల్లో ఒకరికి కంపెనీలో ఉద్యోగం వస్తుంది. ఎవరి పేరో తండ్రి రాసివ్వాలి. సోమవారం కాగితాలు ఇవ్వాలి, శనివారం దాకా కొడుకులిద్దరూ అరుచుకుంటూనే ఉన్నారు. పెద్దవాడు భూపాల్ బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. చిన్నవాడు జైపాల్ సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు.

సదానందం నడవలేడు కాబట్టి శనివారం పొద్దున ఐలవ్వే చాట ఎత్తుకుని వాళ్లింటికి వెళ్లింది. కాగితం రాయడానికి నన్ను పిలిచారు. తండ్రీకొడుకులు ముగ్గురూ ఒలిచారు. రెండు గంటలు పట్టింది గానీ తెగింది. ఉద్యోగం జైపాల్‌కు, ఊళ్లో ఉన్న భూమి భూపాల్‌కు. మధ్యలో రెండుసార్లు టీ వచ్చింది. ఎల్లిగడ్డ ఘాటుకు మంచి అల్లం టీ, నేను మూడో గ్లాసు కూడా అడిగి తాగాను.

ఆ టీ తెచ్చింది సదానందం కూతురు తిరుమల. ముగ్గురిలో చిన్నది, పెళ్లి కాలేదు.

ఆదివారం పొద్దున నేను సాఫు కాగితం రాసుకుని ఐలవ్వ అరుగు మీదికి వెళ్లేసరికి ఆవిడ చాట ముందేసుకుని ఉంది. కాసేపటికి తిరుమల వచ్చింది. పలకరించలేదు. పీట లాక్కుని కూర్చుంది, చాటలోంచి ఒక గడ్డ తీసుకుంది. రేకలన్నీ విడదీసి, ఒక్కొక్కటే ఒలిచి గిన్నెలో వేసింది. అప్పుడు ఐలవ్వ వైపు చూసింది.

"అవ్వా, ఇగ మాట్లాడొచ్చా?"

ఐలవ్వ చేతిలో రేక అలాగే ఉండిపోయింది.

"నేను ఐటీఐల ఎలక్ట్రీషియన్ చేసిన. బాపును దవాఖానకు నేనే తీస్కపోయిన, బోర్డు ముందట నేనే నిలబడ్డ. ఆ ఫారాలు నింపింది గూడ నేనే. నౌకరి నాకు గావాలె అని అడుగుదామంటే నిన్న నా చేతుల టీ గ్లాసులున్నయి. నౌకరి నాకే ఇయ్యిమని జబర్దస్తు లేదు. గానీ నన్నొక్క మాట అడుగాలె గదా."

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. ముప్పై ఏళ్లు గనిలో షిఫ్టు దిగేముందు మనుషుల్ని లెక్కపెట్టుకున్నవాణ్ణి. నాలుగు గోడల మధ్య ఉన్న మనిషిని లెక్కపెట్టలేదు. పైగా మూడు గ్లాసుల టీ.

 ఐలవ్వ నా చేతిలోని సాఫు కాగితం తీసుకుంది, ఎల్లిగడ్డ పొట్టంతా అందులో పోసి పొట్లం కట్టి అవతల పడేసింది. "నడువు బిడ్డా" అంది.

పంచాయితీ తిరగతోడడం ఐలవ్వ ఎప్పుడూ చెయ్యలేదు. సదానందం ఇంటికి వెళ్లగానే జైపాల్ ఆ మాటే పట్టుకున్నాడు.

"నిన్న అయిపోయింది గదా అవ్వ. నీ మాటకు నువ్వే ఇలువ ఇయ్యకపోతే ఎట్ల?"

"నిన్నటిది తప్పు. తప్పు నాది. కూసో" అంది ఐలవ్వ. ఈసారి కుప్ప నాలుగు భాగాలు చేసింది. తిరుమల భాగం తిరుమల ముందు పెట్టింది. టీ నేను పెట్టాను. ఎవరూ రెండో గ్లాసు అడగలేదు.

తిరుమల తన మాట మళ్లీ చెప్పింది. ఊళ్లో భూమిలో తనకు వాటా వద్దని, దాన్ని అన్నలిద్దరే పంచుకోవాలని, తండ్రి తన దగ్గరే ఉంటాడని చెప్పింది. జైపాల్ విసురుగా లేచాడు. ఐలవ్వ చాట వైపు చూపించింది. అతను మళ్లీ కూర్చున్నాడు. సగం భూమి వదులుకోవలసిన భూపాల్ సరేనని తలూపి మరో గడ్డ అందుకున్నాడు.

అంతదాకా నోరు తెరవని సదానందం ఆయాసం ఆపుకుంటూ మాట్లాడాడు.

"ఇంటోళ్లకు బాయి చూపిచ్చిన దినం యాదున్నదారా జైపాలూ? నువ్వు లోపటికి దిగినప్పటి సంది నా చెయ్యి ఇడువలే. తిరుమలేమో మోటారు దగ్గర నిలబడి, గిది ఆగిపోతే ఎట్ల చేస్తరు బాపూ అని అడిగింది. గప్పుడే నాకు తెలువాలె. నేను గూడ అడుగలే దీన్ని."

భూపాల్ నవ్వాపుకోలేకపోయాడు. జైపాల్ కూడా తల వంచుకుని కొంచెం నవ్వాడు.

"బాయి అంటె నాకు ఇప్పటికీ భయమే" అన్నాడు. "గానీ నౌకరి లేదంటె పిల్లనెవరిస్తరు నాకు?"

"చౌరస్తాల దుకాణం పెడతనంటివి గదనే అన్నా" అంది తిరుమల. "పెట్టు. పిల్లను నేను చూస్త."

 జైపాల్ ముందు ఒక్క గడ్డ మిగిలింది. అందరివీ అయిపోయాయి. దాన్ని అంత నెమ్మదిగా ఒలిచినవాణ్ణి నేను చూడలేదు. చివరి రేక గిన్నెలో వేసి, చేతులు దులుపుకుని, "బాపూ, చెల్లె పేరే రాయి" అన్నాడు. ఇష్టంగా అన్నాడని చెప్పను. అన్నాడు, మాట మీద నిలబడ్డాడు.

ఇప్పుడు తిరుమల ఫస్ట్ షిఫ్టుకు వెళుతోంది. జైపాల్ దుకాణం పెట్టాడు, పెళ్లి ఇంకా కుదరలేదు. పంచాయితీ ఎవరింట్లో జరిగినా ఐలవ్వ ముందు వంటింటి వైపు తిరిగి, "లోపట ఎవలున్నరు? బయటికి రాండ్రి" అని కేకేస్తుంది. అందరూ వచ్చి కూర్చున్నాకే కుప్ప పంచుతుంది.

మొన్న ఐలవ్వ మా కోడలికి తన ఉద్యోగం సంగతి చెబుతుంటే విన్నాను. కులపెద్దలు, మరిది, ఆఫీసు బల్ల, అన్నీ మామూలుగానే చెప్పింది. "పదిమంది కూసున్నరు, ఒక్కడన్న నన్ను అడుగలే" దగ్గర ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు.

"తిరుమలను నేను గూడ అడుగలే" అంది.